విత్తనం మొలవడం లేదా? చచ్చిందో నిద్రపోతోందో తేల్చుకుని, నిద్ర లేపడం ఎలా

"కొత్త వడ్లు నానబెట్టి, మొలకెత్తడానికి గోనెసంచిలో మండె కట్టాను, నూటికి నలభై కూడా మొలవలేదు." "లెట్యూస్ గింజలు మట్టిలో వేసి మూడు వారాలైంది, ఒక్కటీ రాలేదు." "శ్రీగంధం గింజలకు ఏదో మందు పెట్టాలంటున్నారు, ఎంత పెట్టాలి?" ఏటా వానాకాలం ముందు ఒకసారి, చలికాలం పూలమొక్కల సమయంలో ఇంకోసారి ఈ ప్రశ్నలే వస్తాయి. అడిగేవాళ్లు వేరు, గింజలు వేరు. కానీ చాలామంది చేసే పొరపాటు ఒకటే. మొలవని గింజ చచ్చిపోయిందనుకుని పారేస్తారు. లేదంటే అది ఎందుకు మొలవడం లేదో చూడకుండానే చేతికి దొరికిన మందు పోస్తారు.

బతికి ఉండి కూడా, నీళ్లు ఇచ్చినా మొలవకుండా ఆగే స్థితినే నిద్రావస్థ అంటారు. నిద్రలన్నీ ఒక రకం కావు. ఒక గింజకు వెలుతురు కావాలి, ఒకదానికి చల్లదనం కావాలి, ఇంకొకదానికి పైపెంకు గీరితే చాలు. అందుకే ముందు పరీక్ష, ఆ తర్వాతే మందు.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం కొంచెమే. గింజ లోపల రెండు హార్మోన్లు ఎదురెదురుగా పనిచేస్తాయి. అబ్సిసిక్ ఆమ్లం "ఇప్పుడే వద్దు" అని ఆపుతుంది, జిబ్బరెల్లిన్ "ఇక లే" అని ముందుకు నెడుతుంది. వెలుతురు అవసరమైన గింజల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. దాని మీద ఎరుపు కాంతి పడితే లోపల జిబ్బరెల్లిన్ తయారీ పెరుగుతుంది, అబ్సిసిక్ ఆమ్లం తగ్గుతుంది. ఎరుపుకు అవతల, మన కంటికి దాదాపు ఆనని దూర ఎరుపు కాంతి పడితే కథ మళ్లీ వెనక్కి వెళ్తుంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ గింజల మీద ఈ రెండు కాంతులను మార్చి మార్చి వేసి చూసింది. ఎన్నిసార్లు మార్చినా, చివరికి ఏ కాంతి పడిందన్న దాన్నిబట్టే గింజ మొలిచింది లేదా ఆగిపోయింది. ఈ సంగతి మనకు 3, 4 దశల్లో పనికొస్తుంది.

కావలసినవి

- పరీక్షించాల్సిన గింజలు. కనీసం 110
- మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు మూడు. స్వీటు షాపులో ఇచ్చే పారదర్శకమైన డబ్బాలు బాగా పనికొస్తాయి
- టిష్యూ పేపర్ లేదా ఉతికిన తెల్లని నూలు గుడ్డ
- వంటింటి అల్యూమినియం ఫాయిల్
- పదునైన బ్లేడు, గరుకు కాగితం, భూతద్దం
- గ్రాములో నూరోవంతు చూపే చిన్న జేబు కాటా
- సూది లేని సిరంజి, కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు
- చేతి తొడుగులు, కళ్లద్దాలు
- తేదీలు రాసుకోవడానికి ఒక పుస్తకం. దీన్ని చాలామంది వదిలేస్తారు. తర్వాత ఏ డబ్బాలో ఏం వేశారో ఎవరికీ గుర్తుండదు

మందులు ఇప్పుడే కొనకండి. ఏది కావాలో పరీక్షే చెబుతుంది.

1వ దశ: గింజ నీళ్లు తాగుతోందా?

20 గింజలను కాటా మీద తూచి, 24 గంటలు నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. కాటాకు అందనంత సన్నటి గింజలైతే భూతద్దంలో ఉబ్బాయేమో చూడండి.

బరువు పెరగలేదు, గింజ రాయిలాగే ఉంది అంటే పైపెంకు నీటిని లోపలికి రానివ్వడం లేదు. తామర, గురివింద, రేల, సుబాబుల్ గింజలు ఇలాంటివే. వీటికి హార్మోను మందు పోయడం డబ్బు దండగ, ఎందుకంటే నీరే వెళ్లని చోటికి మందు వెళ్లదు. తామర గింజనైతే ఒక కొనలో తెల్లటి పప్పు అంచు కనిపించేదాకా గరుకు కాగితం మీద రుద్దండి. సుబాబుల్ లాంటి వాటిని పొయ్యి మీంచి దించి కాసేపు ఆగిన వేడినీళ్లలో, అంటే 80 డిగ్రీల దగ్గర, రెండు మూడు నిమిషాలు ఉంచి వెంటనే చన్నీళ్లలోకి మార్చి రాత్రంతా వదిలేయండి. ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివాటికి మళ్లీ అదే చేయండి. మసిలే నీళ్లలో గింజలు వేసి పొయ్యి మీదే ఉంచేవాళ్లున్నారు. అలా చేస్తే గింజ ఉడుకుతుంది.

నీళ్లు తాగి ఉబ్బి కూడా మొలవకపోతే 2వ దశకు వెళ్లండి.

2వ దశ: బతికి ఉందా?

నానిన గింజలు పది తీసుకుని నిలువునా కోయండి. లోపల తెల్లగా లేదా లేత పసుపుగా, గట్టిగా ఉంటే ఆశ ఉన్నట్టే. గోధుమ రంగుకు తిరిగి మెత్తగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా, లోపల డొల్లగా ఉన్నా అది పోయినట్టే. పదింటిలో ఏడెనిమిది చెడిపోయి ఉంటే ఇక మిగతా దశలేవీ అక్కర్లేదు, కొత్త విత్తనం తెచ్చుకోండి.

ఇది మోటు పరీక్ష. విత్తన పరీక్ష ప్రయోగశాలల్లో టెట్రజోలియం అనే రసాయనంతో చూస్తారు, బతికున్న పిండం ఎర్రబడుతుంది. ఎక్కువ విస్తీర్ణానికి విత్తనం వాడేవాళ్లు నమూనాను ల్యాబుకు పంపడమే మంచిది.

3వ దశ: వెలుతురు కావాలా, చీకటి కావాలా?

ఈ పరీక్షను తొందరపడకుండా చేయండి. సన్నగింజల విషయంలో వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ వాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మూడు డబ్బాల్లో తడిపిన టిష్యూ రెండు మూడు మడతలు పరచండి. వంచితే నీళ్లు కారకూడదు, వేలితో నొక్కితే చెమ్మ తెలియాలి. ఒక్కో డబ్బాలో 30 చొప్పున గింజలు ఒకదానికొకటి తగలకుండా పెట్టండి.

మొదటి డబ్బాను వెలుతురులో ఉంచండి. నేరుగా ఎండలో వద్దు, మూత ఉన్న డబ్బా లోపల గింజలు ఉడికిపోతాయి. కిటికీ దగ్గర నీడపట్టున, లేదా తెల్ల ఎల్‌ఈడీ బల్బుకు రెండు అడుగుల కింద చాలు. మామూలు తెల్ల బల్బు వెలుతురులోనే కావలసినంత ఎరుపు ఉంటుంది, ప్రత్యేకంగా గ్రో లైటు కొననక్కర్లేదు.

రెండో డబ్బాను చీకటి చేయండి. గది మసకగా ఉన్నప్పుడే గింజలు పేర్చి, మూత పెట్టిన వెంటనే ఫాయిల్‌ను రెండు చుట్లు చుట్టేయండి. ఎండుగింజకు వెలుతురు పెద్దగా పట్టదు. తడి తగిలాకే దాని కన్ను తెరుచుకుంటుంది. అందుకే తడిపినప్పటి నుంచి చుట్టేదాకా ఆలస్యం చేయకూడదు.

మూడో డబ్బా మూత మీద పచ్చటి ఆకులు రెండు మూడు పొరలు కప్పి, పక్కలకు ఫాయిల్ చుట్టి, మొదటి డబ్బా పక్కనే కిటికీ దగ్గర పెట్టండి. బాదం ఆకులైనా, అరటి ఆకు ముక్కలైనా సరే. వాడితే మార్చండి. పచ్చని ఆకు ఎరుపు కాంతిని తను తీసుకుని దూర ఎరుపును కిందికి వదిలేస్తుంది. చెట్టు నీడలో పెట్టిన ట్రేకు ఏం జరుగుతుందో ఈ డబ్బా చూపిస్తుంది. ఆకుల కిందికి బల్బు వెలుతురు ఇవ్వకండి. తెల్ల ఎల్‌ఈడీలో దూర ఎరుపు చాలా తక్కువ కాబట్టి ఫలితం తేలదు.

మూడూ ఒకే గదిలో, ఒకే వేడిలో ఉండాలి. ఫ్రిజ్ పైన ఒకటి, వరండాలో ఒకటి పెడితే తేడా వెలుతురు వల్ల వచ్చిందో వేడి వల్ల వచ్చిందో తెలియదు.

ఇప్పుడు హెచ్చరిక. చీకటి డబ్బాను మధ్యలో తెరవకండి. నా మొదటి పరీక్షలో నేను రోజూ సాయంత్రం ఫాయిల్ విప్పి, చూసి, మళ్లీ చుట్టాను. చీకట్లో కూడా నూటికి ఎనభై మొలిచాయని రాసుకుని, ఆ గింజకు వెలుతురు అక్కర్లేదని తేల్చాను. అదే గింజలను మట్టిలో పూడ్చి విత్తితే ట్రే మొత్తం ఖాళీగా మిగిలింది. కొన్ని గింజలకు కొద్ది నిమిషాల వెలుతురే సరిపోతుందని, నా పరీక్షను నేనే పాడుచేశానని అప్పుడు అర్థమైంది. లెట్యూస్‌కు 7 రోజులు, పొగాకుకు 16 రోజులు ఆగి ఒక్కసారే తెరవండి. తెలియని గింజైతే వెలుతురు డబ్బాలో మొలకలు రావడం ఆగిపోయాక తెరవండి.

ఫలితం ఇలా చదువుకోండి. మూడింట్లోనూ సమానంగా మొలిస్తే వెలుతురుతో పని లేదు. వెలుతురులో బాగా వచ్చి, మిగతా రెండింట్లో తగ్గితే అది వెలుతురు కోరే గింజ. చీకట్లోనే ఎక్కువ వస్తే అది వెలుతురంటే వెనక్కి తగ్గే గింజ, బిళ్లగన్నేరు ఆ కోవలోది. ఎక్కడా రాలేదు కానీ కోసి చూస్తే గట్టిగా ఉన్నాయంటే నిద్ర బలంగా ఉంది, 5వ దశ నుంచి చూడండి.

4వ దశ: ఫలితాన్నిబట్టి విత్తడం

వెలుతురు కోరేవాటిని పూడ్చకండి. పొగాకు గింజలు గ్రాముకు పదివేలకు పైగా తూగుతాయి. అంత చిన్న గింజలో దాచుకున్న తిండి కొంచెమే. లోతున మొలిస్తే పైకి వచ్చేలోపే అది అయిపోతుంది. వెలుతురు తగిలితేనే లేవడం ఆ గింజ చేసుకున్న జాగ్రత్త. మన పొగాకు రైతులు నారుమడిలో గింజ మీద మట్టి కప్పకుండా పైపైనే చల్లడం ఇందుకే. మిద్దెతోటలో లెట్యూస్, పెటునియా, తులసి వేసేవాళ్లు కూడా అదే పద్ధతి పాటించాలి.

మట్టిని ముందే బాగా తడిపి, చదును చేసి, గింజను పొడి ఇసుకలో కలిపి పైన చల్లండి. అరచేతితో మెల్లగా అద్దండి, గింజకు మట్టి తగలాలి, కానీ మట్టి కింద పడకూడదు. తర్వాత మగ్గుతో నీళ్లు పోస్తే గింజలు మూలకు కొట్టుకుపోతాయి. స్ప్రే బాటిల్‌తో తుంపర ఇవ్వండి, లేదా ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వండి. పైన గాజు పలకో, పారదర్శకమైన కవరో కప్పితే తడి ఆరదు. పైన విత్తిన గింజకు అసలు ప్రమాదం ఎండిపోవడమే. ఒకసారి మొలక పగిలాక ఒక్క మధ్యాహ్నం పొడిబారినా అది తిరిగి రాదు.

ట్రేను మామిడి చెట్టు కింద పెట్టకండి. చల్లగా ఉంటుందని చాలామంది అక్కడే పెడతారు. మూడో డబ్బాలో చూసింది గుర్తుంది కదా, ఆకుల నీడంటే కొన్ని గింజలకు "పైన పెద్ద చెట్టుంది, ఆగు" అన్న కబురు. గోడ నీడ, షేడ్ నెట్ నీడ పర్వాలేదు, ఆకుల నీడే వద్దు.

చీకటి కోరే బిళ్లగన్నేరు లాంటి వాటిని పలుచగా మట్టి కప్పి, మొలక తల ఎత్తేదాకా ట్రే మీద నల్ల కవరు వేయండి. మొలక కనిపించిన రోజే తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కాడలు తెల్లగా సాగిపోతాయి.

ఇక్కడే కలుపు సంగతి ఒక మాట. దున్నిన వారానికే పొలం నిండా సన్నకలుపు లేస్తుంది కదా, అందులో చాలా వరకు లోతున నిద్రలో ఉండి, నాగలి తిరగేసినప్పుడు వెలుతురు చూసిన గింజలే. అందుకే తొలకరికి ఒకసారి దున్ని, కలుపును మొలవనిచ్చి, పైపైన చంపి, మట్టిని మళ్లీ లోతుగా తిరగేయకుండా విత్తితే కలుపు బాగా తగ్గుతుంది.

5వ దశ: వేడి వల్ల పడుకుందేమో చూడండి

మందు కొనేముందు ఇది తప్పనిసరి. లెట్యూస్ గింజకు 30 డిగ్రీలు దాటితే, వెలుతురున్నా సరే, అబ్సిసిక్ ఆమ్లం పెరిగి మొలక ఆగిపోతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో, విజయవాడలో అయితే ఏడాదిలో చాలా నెలలు గది వేడి ఆ గీత దాటే ఉంటుంది. అక్కడ లెట్యూస్ రాలేదంటే విత్తనాన్ని తప్పుపట్టలేం.

తడి టిష్యూలో గింజలు చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో రెండు మూడు రోజులు ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు. తీశాక ఇంట్లో చల్లటి చోట, వెలుతురులో పెట్టండి. ఏసీ గది ఉంటే రెండు రాత్రులు అక్కడ పెట్టినా చాలు. కొన్ని లెట్యూస్ రకాలు చల్లగా ఉంటే చీకట్లో కూడా మొలుస్తాయి కాబట్టి మీ పరీక్షలో చీకటి డబ్బా నిండుగా మొలిస్తే కంగారు పడకండి.

6వ దశ: జిబ్బరెల్లిక్ ఆమ్లం వాడటం

శ్రీగంధం, బొప్పాయి లాంటి వాటికి దీని అవసరం ఉంటుంది. టమాట, చిక్కుడు, బెండ, గోరుచిక్కుడు లాంటివాటికి అక్కర్లేదు. నిద్రలేని గింజకు ఈ మందు పెడితే మొక్క సన్నగా, పాలిపోయి, పొడుగ్గా సాగి పడిపోతుంది.

కొనేటప్పుడు డబ్బా మీది శాతం చదవండి. టెన్షన్ అంతా ఇక్కడే మొదలవుతుంది. పురుగుమందుల దుకాణంలో "జిబ్బరెల్లిక్ ఆమ్లం" అని అడిగితే ఎక్కువగా 0.001 శాతం ద్రవం ఇస్తారు. అది పైరు మీద పిచికారీకి తయారైన పలుచటి మందు. నీళ్లు కలపకుండా సీసా మొత్తం పోసినా అందులో ఉండేది 10 పీపీఎం, అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు మాత్రమే. శ్రీగంధానికి కావాల్సింది 500 పీపీఎం. "మందు పెట్టినా మొలవలేదు" అన్న చాలామంది దగ్గర చూస్తే ఆ ద్రవం సీసానే ఉంటుంది. మీకు కావాల్సింది ద్రాక్ష రైతులు వాడే 90 శాతం పొడి, లేదా నీళ్లలో కరిగే 40 శాతం గుళికలు.

లెక్క తేలిగ్గా ఉండటానికి 1 గ్రాము పొడికి ఎన్ని నీళ్లో ఇస్తున్నాను.

- 90 శాతం పొడి 1 గ్రాము: 500 పీపీఎంకు 1.8 లీటర్లు, 200 పీపీఎంకు 4.5 లీటర్లు, 100 పీపీఎంకు 9 లీటర్లు
- 40 శాతం గుళికలు 1 గ్రాము: 500 పీపీఎంకు 800 మి.లీ., 200 పీపీఎంకు 2 లీటర్లు, 100 పీపీఎంకు 4 లీటర్లు

90 శాతం పొడిని నేరుగా నీళ్లలో వేస్తే కరగకుండా పైన తేలుతుంది. ముందు గాజు గ్లాసులో 20 మి.లీ. సర్జికల్ స్పిరిట్ పోసి పొడిని పూర్తిగా కరిగించి, ఆ తర్వాత నీళ్లలో సన్నటి ధారగా కలుపుతూ పోయండి. పక్కన పొయ్యి వెలగకుండా చూసుకోండి. 40 శాతం గుళికలకు స్పిరిట్ అవసరం లేదు. వేడినీళ్లు వాడకండి, మందు విరిగిపోతుంది. కలిపిన నీళ్లు ఆ రోజే వాడేయండి, సీసాలో దాచిపెడితే రోజురోజుకూ బలం తగ్గుతుంది. పొడినైతే గాలి చొరని డబ్బాలో, చల్లగా, చీకట్లో ఉంచితే నిలవ ఉంటుంది.

*శ్రీగంధం.* పండు గుజ్జు పూర్తిగా కడిగి, నీడలో ఆరబెట్టిన గింజలు వాడండి. తాజా గింజలకు దాదాపు రెండు నెలల నిద్ర ఉంటుంది. 500 పీపీఎం ద్రావణంలో రాత్రంతా, అంటే 12 నుంచి 16 గంటలు నానబెట్టి, ఇసుక మడిలో విత్తి పలుచగా కప్పండి. మొలకలు ఒకేసారి రావు, నెల నుంచి మూడు నెలల దాకా వస్తూనే ఉంటాయి. నేను మొదటిసారి 40 రోజులు చూసి, ఇక రావనుకుని ట్రేలోని ఇసుకను ప్రహరీ పక్కన పోసేశాను. తర్వాతి నెలలో ఆ కుప్పలోంచే మొలకలు వచ్చాయి. వాటిలో సగం నేను గమనించేలోపే ఎండిపోయాయి. మూడు నెలలు నిండేదాకా మడిని కదపకండి, తడి ఆరనివ్వకండి.

*బొప్పాయి.* గింజ చుట్టూ ఉండే జిగురు సంచిలోనే మొలకను ఆపే పదార్థాలుంటాయి. బూడిదతో రుద్ది, జిగురు పోయేదాకా కడిగి, నీడలో ఆరబెట్టండి. చాలాసార్లు ఇంతే సరిపోతుంది. ఇంకా వెనకబడితే 100 నుంచి 200 పీపీఎం ద్రావణంలో ఒక రాత్రి నానబెట్టండి.

జిబ్బరెల్లిక్ ఆమ్లం దొరకకపోతే పొటాషియం నైట్రేట్ ఉంది. డ్రిప్ రైతులకు తెలిసిన 13-0-45 ఎరువు అదే. లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, పరీక్ష టిష్యూను మొదటిసారి తడపడానికి మాత్రమే వాడండి, ఆ తర్వాత మామూలు నీళ్లే. నైట్రేట్ కూడా లోపలి అబ్సిసిక్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. వరి, తులసి లాంటి వాటికి ఇది చవకైన దారి. శ్రీగంధానికి మాత్రం దీన్ని నమ్ముకోకండి.

ఏ మందు వాడినా సగం గింజలను వట్టి నీళ్లలో అంతే సేపు నానబెట్టి పక్కన వేయండి. అది లేకపోతే మొలిచింది మందు వల్లో, నానడం వల్లో చెప్పలేరు.

7వ దశ: కొత్త వడ్లు

కోసి కొన్ని వారాలే అయిన వడ్లను వెంటనే తర్వాతి పంటకు వాడాల్సి వస్తే ఈ ఇబ్బంది వస్తుంది. నారు పోసే రోజున కాదు, మూడు వారాల ముందే 100 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. 5వ రోజు ఒకసారి, 14వ రోజు ఒకసారి లెక్కపెట్టండి. ధ్రువీకరణ పొందిన వరి విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక 80 శాతం. అంతకు తగ్గి, మొలవని గింజలు గట్టిగా ఉంటే నిద్రావస్థే.

వ్యవధి ఉంటే ఆగడమే అన్నిటికన్నా మంచి మందు. పొడిగా నిలవ ఉంచితే నిద్ర దానంతట అదే విడుతుంది. వ్యవధి లేకపోతే మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెప్పే నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) పద్ధతి వాడండి.

1. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు ముందు పోయండి. లోహపు పాత్ర వద్దు.
2. తొడుగులు, కళ్లద్దాలు వేసుకుని లీటరు నీటికి గాఢ నత్రికామ్లం 6.3 మి.లీ. కలపండి. నిద్ర బలంగా ఉండే రకమైతే 10 మి.లీ. ఎప్పుడూ నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.
3. కిలో వడ్లకు లీటరు ద్రావణం చొప్పున 24 గంటలు నానబెట్టండి.
4. ద్రావణం వంపేసి మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడగండి. వంపిన నీళ్లు చెరువులోకో, పశువుల తొట్టి వైపుకో పోనివ్వకండి.
5. గోనెసంచిలో వేసి 24 నుంచి 48 గంటలు మండె కట్టండి. పొద్దున, సాయంత్రం చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉండాలి, చేయి చుర్రుమంటే సంచి విప్పి, నీళ్లు చల్లి, కలియబెట్టాలి.

మండె లోపల జరిగేది జిబ్బరెల్లిన్ పనే. పిండం పంపిన జిబ్బరెల్లిన్ గింజ చుట్టూ ఉన్న పొరను తట్టి లేపుతుంది, ఆ పొర పిండిని చక్కెరగా మార్చే ఎంజైమును వదులుతుంది. సంచిలోంచి వచ్చే ఆ తియ్యటి వాసన దానిదే. పుల్లటి వాసన వస్తే గాలి అందక కుళ్లుతోందని అర్థం. వరికి వెలుతురు అక్కర్లేదు, మండెను ఎండలో పెట్టకండి.

నిద్ర అంటే కోపం తెచ్చుకునేవాళ్లు తుపాను రోజులను కూడా గుర్తుచేసుకోవాలి. పడిపోయిన చేలో వెన్ను మీదే గింజ మొలకెత్తకుండా కాపాడేది ఈ నిద్రే. నిద్రలేని రకం తడిసిపోతే, పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమంటారు, అది మొలకను ఆపడానికి. అలా ఉప్పు చల్లిన ధాన్యాన్ని విత్తనానికి ఉంచకండి.

8వ దశ: వేరుశనగ

ముందు మీది ఏ రకమో చూసుకోండి. టీఎంవీ-2, జేఎల్-24 లాంటి స్పానిష్ గుత్తి రకాలకు నిద్ర దాదాపు ఉండదు, కోత ఆలస్యమై వాన పడితే చేలోనే మొలుస్తాయి. వాటికి ఏ మందూ వద్దు. వర్జీనియా రకాల్లో, ముఖ్యంగా తీగ రకాల్లో, నిద్ర ఉంటుంది. ఇక్కడ పనికొచ్చే హార్మోను ఇథిలిన్. అది వాయువు కాబట్టి దాన్ని విడుదల చేసే ఇథరిల్ మందు వాడతారు. లీటరు నీటికి అర మి.లీ. కలిపి, పప్పును 12 గంటలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి విత్తాలి. నానిన పప్పు పొర ఇట్టే ఊడిపోతుంది, చేత్తో పిసకకుండా పలుచగా పరచండి. ముందు 50 గింజల మీద చేసి చూశాకే మిగతా విత్తనానికి వాడండి.

ఫలితం సరిచూసుకోవడం

వేరు కొంచెం బయటికి కనిపించగానే "మొలిచింది" అని రాయకండి. వేరు, కాడ రెండూ నిటారుగా, విరగకుండా ఎదిగితేనే లెక్కలోకి తీసుకోండి. వంకర తిరిగి ఆగిపోయినవి, వేరు నల్లబడినవి విడిగా రాయండి. అలాంటివి ఎక్కువైతే మందు మోతాదు మించిందనో, కడగడం సరిపోలేదనో అర్థం.

చివరి రోజున మిగిలిన గింజలను ఒక్కొక్కటీ పట్టకారుతో నొక్కండి. మెత్తగా చితికి తెల్లటి రసం కారితే చచ్చింది. గట్టిగా, శుభ్రంగా ఉంటే ఇంకా నిద్రలోనే ఉంది. 100 వడ్లలో 60 మొలిచి, 30 గట్టిగా, 10 మెత్తగా ఉన్నాయనుకోండి, ఆ విత్తనం మంచిదే, దాన్ని లేపాలి. అదే 60 మొలిచి 40 మెత్తబడితే ఏ హార్మోనూ దాన్ని బాగుచేయలేదు. రెండు సంచుల మీదా మొలక శాతం 60 అనే ఉంటుంది, తేడా ఈ నొక్కి చూడటంలోనే తెలుస్తుంది.

బూజు పట్టిన డబ్బాను చూసి మొత్తం పారేయకండి. సాధారణంగా చచ్చిన గింజ మీదే ముందు బూజు వస్తుంది. దాన్ని తీసేసి, మిగతావాటిని కొత్త టిష్యూ మీదికి మార్చండి. దుకాణంలో కొన్న రంగు పూసిన విత్తనమైతే దాని మీద శిలీంధ్రనాశిని ఉంటుంది. తొడుగులతోనే పట్టుకోండి, మిగిలినవి కోళ్లకు వేయకండి.

తేదీ, మొలక శాతం, గట్టిగా మిగిలినవి ఎన్ని, ఏ మందు ఎంత మోతాదులో వాడారు, ఈ నాలుగూ చీటీ మీద రాసి విత్తనం సంచికి కట్టండి. నిద్రలో ఉన్న గింజలు ఎక్కువగా ఉన్న సంచి నుంచి నెల తర్వాత మరో 100 తీసి, మందు లేకుండా వట్టి నీళ్లతో మళ్లీ పరీక్షించండి. శాతం 80 దాటిందా, ఇక ఆమ్లంతో పని లేదు, నేరుగా నానబెట్టి మండె కట్టేయవచ్చు.